గడప లేని మూడో తలుపు

మా బస్టాండు పక్కన బల్దియా, అంటే మున్సిపాలిటీ, కట్టించిన మరుగుదొడ్లకు మూడు తలుపులున్నయి. మూడోదానికి తాళం వేసిండ్రు.

ఒకటి ఆడవాళ్లది, ఒకటి మగవాళ్లది, మూడోది ఎవరైనా పోయేటందుకు. తాళం పడ్డంక ఆ మూడో గదిల బ్లీచింగు పొడి బస్తాలు, కాళ్లు విరిగిన కుర్చీలు, పాత ఎలక్షన్ల ఫ్లెక్సీ చుట్టలు చేరినయి. మనుషుల కోసం కట్టిన గదిల మనుషులు తప్ప అన్నీ చేరినయి.

తాళం సంగతి నాకు తెలిసింది ఒక ముసలాయన వల్ల. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిండు. కరీంనగర్ దవాఖానకు పోవాలె, బస్సు మారుతున్నడు. భార్య చెయ్యి గట్టిగ పట్టుకుని ఆ తలుపుల ముందట నిలబడ్డడు. ఆమెకు మతి సరిగ్గ లేదు. ఒక్కదాన్ని ఆడవాళ్ల దిక్కు పంపితే లోపల గడియ పెట్టుకుంటది, తీసుడు మర్చిపోతది. మగవాళ్ల దిక్కు తోలుకపోతే నలుగురు చూస్తరు. "అన్నా, మేం ఏ దిక్కు పోవాలె?" అని నన్నడిగిండు. మూడో తలుపు ఉన్నది గద అని నేను ఠీవిగ ముందు నడిచిన. తాళం కప్ప నా మొఖం ముందట వేలాడుతున్నది. ఆఖరుకు ఆమెను హోటలోళ్ల పెరట్లకు తీసుకపోవాల్సి వచ్చింది.

నేను నేరుగ బల్దియాకు పోయి అడిగిన. అక్కడి ఉద్యోగి తల ఎత్తకుండనే అన్నడు: "గా మనిషి పోయింది గద పెద్దాయనా. ఇగ మూడోది ఎవలకు?"

కోపమొస్తే నాకు నోరు పడిపోతది, చెయ్యి నడుస్తది. ఇంటికొచ్చి దరఖాస్తు రాసిన. దరఖాస్తుల పట్టనిది ఇక్కడ రాస్తున్న. 'గా మనిషి' అని ఒక్క ముక్కల తేల్చేసిండ్రు గద, ఆ మనిషి ఎవరో జర తెలుసుకోండ్రి.

ఊరంత ఆమెను అక్క అనేది. నాకన్న ఎనిమిదేండ్లు చిన్న, అయినా నేను గూడ అక్కా అన్న. ఆమె నన్ను 'మేస్త్రీ' అనేది. నా పని నచ్చకపోతే 'ఓ పెద్ద మేస్త్రీ' అనేది. పేరు రాయను. కాగితాల మీద ఉన్న పేరు ఆమెది గాదు, ఆమె పెట్టుకున్న పేరు ఏ కాగితం మీదికీ ఎక్కలే. ఎవరన్న పేరడిగితే "రాజన్న పెండ్లాన్ని" అని చెప్పేది. చెప్పి, మీ ఆయన పేరేంది అని ఎదురు అడిగేది.

పుట్టినప్పుడు మగపిల్లగాడని పుట్టుక పట్టీల రాసిండ్రు. పదహారేండ్లకు చీర కట్టింది. వేములవాడ రాజన్నకు, అంటే శివునికి, ధారపోసుకుని శివపార్వతి అయింది. మా దిక్కు వాళ్లకు ఇది చెప్పే పని లేదు. దూరపు వాళ్ల కోసం చెప్తున్న. శ్రీరామనవమి నాడు వేములవాడల రాములవారి లగ్గం అయితుంటే, ఆ పందిరి చుట్టూ శివుణ్ణి పెండ్లాడిన వాళ్లు త్రిశూలాలు పట్టుకుని, గజ్జెలు కట్టుకుని, ఒకరి తల మీద ఒకరు తలంబ్రాలు పోసుకుంటరు. వాళ్లల్ల అక్కలాంటి వాళ్లు కూడ వందల మంది ఉంటరు. ఆ రోజు వాళ్ల కాళ్లు మొక్కని మనిషి ఉండడు. ఆ రోజు.

మిగిలిన రోజులు ఆమె నా దగ్గర మాలు కలిపేది. నేను సుతారి మేస్త్రిని. ఇటుక, సున్నం, సిమెంటు, ఇదే నా బతుకు. అక్క పద్దెనిమిదేండ్లు నాతోని పని చేసింది. ఇసుక, సిమెంటు కలిపినంక చిటికెడు తీసి బొటనవేలు, చూపుడు వేలు నడుమ నలిపి, కూర రుచి చూసినట్టు మొఖం పెట్టేది. "ఉప్పు తక్కువైంది మేస్త్రీ" అంటే సిమెంటు తక్కువైందని. "కారం ఎక్కువైంది" అంటే ఇసుకల మట్టి ఉన్నదని. ఎన్నడూ తప్పు పోలే.

నీళ్ల పైపుతోని మట్టం చూసేటప్పుడు ఒక కొస నా చేతుల, ఒక కొస ఆమె చేతుల ఉండేది. పైపుల నీళ్లు పైకీ కిందికీ ఊగుతుంటే, "నిలువు... నిలువు... ఉరుకకు... ఆఁ, దొరికిండు!" అని దొంగను పట్టినట్టు అరిచేది. ఇండ్లు కట్టించుకునే వాళ్లు ఈ తమాషా చూసేటందుకే కుర్చీ వేసుకుని కూసునేది. గోడకు పూత పెట్టినంక అరచేతితోని చరిచి, చెవి ఆనించి వినేది. గట్టిగ పలికితే గోడను ముద్దు పెట్టుకునేది. డొల్ల పలికితే, "లోపట ఎవడో దాసుకున్నడు మేస్త్రీ, బయటికి రమ్మను" అనేది. నేను తిట్టుకుంట పూత చెక్కి మళ్లా వేసేది. చెక్కి చూస్తే ప్రతిసారి డొల్లనే.

చప్పట్ల సంగతి చెప్పాలె. ఆమెలాంటి వాళ్లు కనబడంగనే చప్పట్లు కొట్టుమని ఎగతాళి చేసే బేకార్‌గాళ్లు ప్రతి ఊర్లె ఉంటరు. అక్క చప్పట్లు కొట్టేది ఒక్కటే పనికి, పచ్చి స్లాబు మీదికి ఎక్కే కుక్కలను వెళ్లగొట్టేటందుకు. ఒకనాడు రోడ్డు మీదికెళ్లి పోయేటోడు బండి ఆపి, "ఓ అక్కా, ఒక్కసారి కొట్టరాదూ" అన్నడు. అక్క తల ఎత్తకుండనే, "పచ్చి స్లాబు మీద కుక్క ఎక్కితే కొడుత తమ్మీ. ఎక్కుతవా?" అన్నది. కూలోళ్లు తట్టలు కింద పెట్టి నవ్విండ్రు. వాడు బండి స్టార్టు చేసుడు గూడ మర్చిపోయి తోసుకుంట పోయిండు.

నవమి ముందు పదిరోజులు త్రిశూలాన్ని చింతపండుతోని తోమి, ఇసుక కుప్పల గుచ్చి పనిచేసేది. వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఇసుక కుప్పకు దండం పెట్టేది. ఆ పదిరోజులు మా ఇసుక ఒక్క తట్ట గూడ దొంగలు ఎత్తుకపోలే. "సంవత్సరమంత గుచ్చరాదు అక్కా" అంటే, "మొగన్ని కాపలాకు పెట్టుకుంటె రోజూ నిలబడ్తడా మేస్త్రీ" అనేది.

ఇట్ల నవ్వే మనిషి, బస్టాండున్న మా పట్నంలకు పనికి పోయే రోజు గుక్కెడు నీళ్లు ముట్టకపోయేది. ఎండల పనిచేసి గొంతు ఆర్చుకపోయినా ముంత పక్కకు జరిపేది. నేను చానా రోజులు ఉపవాసమే అనుకున్న. "ఇయ్యాల ఏం ఉపవాసమక్కా?" అని అడిగితే, "దర్వాజ ఉపవాసం" అన్నది. నాకు అర్థం కాలే. అప్పుడు విడమరిచి చెప్పింది. పట్నంల ఆమె పోయేటందుకు దర్వాజ లేదు. ఒక దిక్కు పోతే ఆడోళ్లు మొత్తుకుంటరు, ఒక దిక్కు పోతే మగోళ్లు ఈలలు వేస్తరు. అందుకే తాగదు.

నాకు అప్పుడు సిగ్గు అనిపించింది. ఆ పట్నంల సగం స్నానాల గదులు, పాయిఖానలు మేమిద్దరం కట్టినయే. గోడలు లేచి, నల్లాలు పెట్టి, ఇంటోళ్లు గృహప్రవేశం చేసుకునేటప్పుడు అక్కను పిలిచి గడపకు పసుపు పెట్టించుకునేది. ఆ ఇంట్లనే నెల దాటినంక ఒంటికి పోతనంటే నీళ్లు వస్తలేవని చెప్పేది. ఆమె ఈ సంగతి గూడ నవ్వుకుంటనే చెప్పింది: "పైపు పెట్టింది నేనే, నల్లా తిప్పి చూసింది నేనే. నాకొక్కదానికే నీళ్లు రావట మేస్త్రీ!" కరీంనగర్ డాక్టరు నీళ్లు బాగ తాగాలె, లేకుంటె కిడ్నీలు చెడిపోతయని కోప్పడితే, "తాగుడు నా చేతులున్నది సారూ, పోసుడు బల్దియా చేతులున్నది" అన్నదట.

ఒక నవమికి నేను గూడ ఆమె ఎంట వేములవాడ పోయిన. వచ్చేటప్పుడు బస్సుల ఆడవాళ్లు ఆమెకు కిటికీ సీటు ఇచ్చిండ్రు, పసిపిల్లలను ఒడిల పెట్టిండ్రు. జుట్టుల తలంబ్రాల బియ్యం ఇంక అట్లనే ఉన్నయి. మా బస్టాండుల దిగినం. అప్పటికి పాత మరుగుదొడ్లు, రెండే తలుపులు. ఆడవాళ్ల దిక్కు పైసలు తీసుకుంట కూసున్నాయన కట్టె అడ్డం పెట్టి, "నువ్వు గీ దిక్కు గాదు" అన్నడు. మగవాళ్ల దిక్కు నుంచి "మా దిక్కు రా, మా దిక్కు రా" అని అరుపులు, ఈలలు. వరుసల నిలబడ్డోళ్లు ఎవరంటే, బస్సుల ఆమె ఒడిల పిల్లలను పెట్టినోళ్లే. ఇప్పుడు అందరు నేల చూస్తున్నరు. నేను గూడ నేలనే చూస్తున్న, అబద్ధం ఎందుకు.

అక్క నేల చూడలే. త్రిశూలాన్ని బండ మీద ఠంగుమని ఆనించింది. "ఓ ఎర్రచీర బిడ్డా! పొద్దుగాల నా కాళ్లు మొక్కి కొడుకు కావాలె అన్నవు గద. పుడ్తడు, ఫికర్ చేయకు. ముందుగాల నాకు జర జాగ జూపియ్యి!"

వరుసంత ఒక్కసారి నవ్వింది. అందరికన్న ముందట ఒక ముసలవ్వ ఉన్నది, నోట్ల తంబాకు, చేతుల సంచి. ఆమె వెనుకకు తిరిగి అక్క మణికట్టు పట్టుకున్నది. "దా బిడ్డా, నా ఎంట రా. ఎవడాపుతడో సూస్త." కట్టె పెట్టినాయన ఏదో అనబోతే, ముసలవ్వ తంబాకు పక్కకు ఉమ్మి, "కట్టె తియ్ రా. రాజన్న పెండ్లాం ఆడిది గాకపోతె, రాజన్నను నువ్వు ఏమంటున్నట్టు?" అన్నది. ఆయన కట్టె తీసి లేచి నిలబడ్డడు, దండం ఒక్కటే తక్కువ.

బయటికొచ్చినంక గూడ ఇద్దరు నవ్వుకుంటనే ఉన్నరు. ముసలవ్వ పసుపు పెట్టించుకుని తన బస్సు ఎక్కి పోయింది. మేం బజారు దాటినం. అప్పుడు అక్క నడుసుడు ఆపి అన్నది: "రోజు గా ముసలవ్వ యాడ దొరుకుతది మేస్త్రీ?"

ఆ మాట నన్ను కూసోనియ్యలే.

నేను మూడో తరగతి దాక చదివిన. మిగిలిన చదువు సిమెంటు బస్తాల మీద, మిర్చీలు కట్టిచ్చిన పేపర్ల మీద, కచేరీ గోడలకు అంటించిన నోటీసుల మీద అయింది. కరీంనగర్ పోయి భవనాలు కట్టే నియమాల పుస్తకం జిరాక్సు కాపీ తెచ్చిన. ఇంగ్లీషు. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక ఎండాకాలమంత చదివిన. పెద్ద చదువులోళ్లు ఈ పుస్తకాన్ని ఎందుకు తెరువరో అప్పుడు తెలిసింది. తెరిస్తే చేయాల్సి వస్తది. అందులున్నది: జనం వచ్చిపోయే కాడ ఆడ మగ తేడా లేకుండ ఎవరైనా వాడుకునే గది ఒకటి ఉండాలె. చక్రాల కుర్చీ లోపల తిరగాలె. తలుపు మూడడుగుల వెడల్పు ఉండాలె, బయటికి తెరుచుకోవాలె, లోపల ఎవరన్న పడిపోతే తలుపు వాళ్లకు తట్టుకోవద్దు. గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలె. గడప ఉండొద్దు.

పుస్తకం చంకల పెట్టుకుని ఆమె పనిచేసే కాడికి ఉరికిన. అక్క సద్ది తింటున్నది. "అక్కా, నీ దర్వాజ పుస్తకంల ఉన్నది!"

"నా పేరున్నదా?"

"పేరు లేదు. కొలతలున్నయి."

అక్క చేతుల ముద్ద నోట్ల పెట్టుకుని మింగింది. "పేరు లేకుంటె లేకపాయె. కొలతలుంటె సాలు మేస్త్రీ. మనం కట్టెటోళ్లం."

ఆ సమయానికే బల్దియా కొత్త మరుగుదొడ్లకు నక్ష గీయించింది. రెండు తలుపులు. మేమిద్దరం ఇంజనీరు సారు దగ్గరికి పోయినం. చిన్న వయసు మనిషి, మంచోడే. అటెండరుతోని నీళ్లు తెప్పించిండు. నేను పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించిన. ఆయన చదివిండు. "నిబంధన ఉన్నది పెద్దాయనా, కాదంటలేను. కని మన ఊర్లె గట్లాంటోళ్లు ఎంతమంది ఉన్నరు?" అన్నడు. అక్కను చూడకుండ గోడ మీది క్యాలెండరును చూసి అన్నడు.

అక్క కుర్చీ ముందుకు జరుపుకున్నది. "రాసుకో సారూ. నేనొక్కదాన్ని. కాలిరిగినోళ్లు ఎందరో రాసుకో. చిన్న బిడ్డను ఎంట తెచ్చుకున్న తండ్రులు ఎందరో రాసుకో. అవ్వను దవాఖానకు తోలుకపోయే కొడుకులు ఎందరో రాసుకో. రేపు నువ్వు లేవలేకపోతె నీ బిడ్డ నిన్ను ఏ దిక్కు తోలుకపోతదో, గది గూడ రాసుకో."

ఇంజనీరు సారుకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినంక మనిషి మొఖం చూడక తప్పది. అప్పుడు ఆమెను చూసిండు. పెన్సిలు తీసి, "యాడ పెట్టుమంటవమ్మా?" అన్నడు. అక్క నక్ష మీద వేలు ఆనించింది. "నడుమ. మూలకు పెడితె సిగ్గుపడ్డట్టు ఉంటది." ఆయన నడుమనే గీసిండు. "నీళ్లు తాగుమ్మా" అంటే గ్లాసు వెనుకకు జరిపి, "గది కట్టు సారూ, జగ్గు తాగుత" అన్నది.

ఆ పనికి గుత్తేదారు మమ్మల్నే పెట్టుకున్నడు, మా చేతి కింద నలుగురు పనోళ్లు. గోడలు లేచినయి. నేను కంటి పరీక్షకు రెండు రోజులు కరీంనగర్ పోయి వచ్చే సరికి, మూడో దర్వాజకు నాలుగు వేళ్ల ఎత్తు రాతి గడప కూసున్నది. పసుపు రాసి ఉన్నది, కుంకుమ బొట్లు ఉన్నయి, పైన మామిడాకులు కట్టి ఉన్నయి. నేను నెత్తి కొట్టుకున్న. పనోళ్లను ఏమనేటట్టు లేదు. దర్వాజ నిలబెట్టినంక గడప లేకుండ వదిలిపెట్టుడు వాళ్ల చేతులకు తెలువది. శుక్రవారం మంచిదని చూసి, స్నానం చేసి వచ్చి మరీ పెట్టిండ్రు.

"తీసెయ్యాలె" అన్న. ఒక్కడు కదలలే. "పసుపు పెట్టిన గడపను పగలగొడ్తరా మేస్త్రీ? మాకు పెండ్లాం పిల్లలున్నరు" అన్నరు. "నాలుగు వేళ్లే గద, ఉండనియ్యి పెద్దాయనా" అన్నడు గుత్తేదారు. సుత్తె నేనే పట్టుకున్న. నిజం చెప్తున్న, నా చెయ్యి గూడ లేవలే. పుస్తకం చదివిన తలకాయ ఒకటి, ఏండ్ల తరబడి గడపలు నిలబెట్టిన చెయ్యి ఒకటి. చెయ్యే గెలిచింది.

అక్క పసుపు డబ్బితోని వచ్చింది, గడపకు దండం పెట్టేటందుకు. పుస్తకంల గడప ఉండొద్దని ఉన్న సంగతి నేను చెప్పిన. రోడ్డు మీద మూడు చక్రాల బండిల గాజులు అమ్ముకునే తమ్ముడు పోతున్నడు. చిన్నప్పటి నుంచి కాళ్లు లేవవు, చేతులతోనే బండి తొక్కుతడు. "ఓ గాజుల తమ్మీ, జర లోపటికి రా" అని పిలిచింది. ఆయన వచ్చిండు. ముందు చక్రం గడపకు తట్టుకున్నది. గాజులన్నీ గలగలమన్నయి. వెనుకకు పోయి మళ్లా వచ్చిండు. మళ్లా గలగల. మూడోసారి గూడ అంతే. నవ్వుకుంట, "నై హోతా అక్కా. గడప దాటే కాళ్లు నాకెక్కడియి?" అన్నడు.

అక్క వంగి గడపను ముట్టుకుని కండ్లకద్దుకున్నది. "రాజన్నా, గిది ఇల్లు గాదు. గిది తొవ్వ. తొవ్వకు గడప ఎందుకు?" అన్నది. దేవునితోని పొరుగింటోనితోని మాట్లాడినట్టు మాట్లాడేది ఎప్పుడూ. లేచి నా చేతుల నుంచి సుత్తె గుంజుకున్నది. మూడు దెబ్బలు. రాయి మూడు తునకలైంది. పనోళ్లు కండ్లు మూసుకున్నరు. పైన పిడుగు పడలే.

"మరి పసుపు యాడ పెట్టాలె అక్కా?" అన్నడొకడు, బిక్కమొఖం వేసుకుని.

అక్క ఆ గాజుల బండి మూడు చక్రాలకు పసుపు రాసింది, నడిమి కమ్మీకి కుంకుమ బొట్టు పెట్టింది. "ముందుగాల లోపటికి పోయేది గదే గద" అన్నది. మేం ఆ తునకలు తీసి, నేల సాపు చేసి, పలక పరిచినం. గాజుల తమ్ముడు బండి నడుపుకుంట లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నడు. మేమందరం బయట తలుపుకు చెవి ఆనించినం. అప్పుడు లోపల నుంచి గాజులు గలగలమన్నయి, మళ్లా గలగలమన్నయి, గుండ్రంగ తిరుగుతున్న చప్పుడు. "అక్కా! బండి తిరుగుతుంది! పూరా తిరుగుతుంది! ఇంకోసారి తిరుగుత, ఆగు!" అని కేక. పనోళ్లు ఎగిరి గంతులేసిండ్రు. గుత్తేదారు గూడ చప్పట్లు కొట్టిండు.

బోర్డు రాసే కాడ ఇంకో తమాషా. పెయింటరు చాచా ఒక తలుపుకు మీసాల మనిషిని గీసిండు, ఒక తలుపుకు చీర మనిషిని గీసిండు. నడిమి తలుపు కాడ బ్రష్ పట్టుకుని పరేషాన్ అయిండు. "అక్కా, గిక్కడ ఏం గీయాలె? సగం మీసం, సగం చీర గీయనా?"

"లోపటికి మీసం పోతదా, చీర పోతదా చాచా? ఏం పట్టుకుని పోతరో గది గీయ్."

"ఏం పట్టుకుని పోతరు?"

"చెంబు!"

చాచా చెంబు గీసిండు. ఎంత బాగ గీసిండంటే, ఇత్తడి మెరుపు గూడ తెచ్చిండు. చదువు రాని వాళ్లకు అక్షరం అక్కరలేదు. ఊర్ల ఇప్పటికీ దాన్ని చెంబు తలుపు అనే అంటరు.

తెరిచిన రోజు అక్క మాట నిలబెట్టుకున్నది. హోటలు ముందట అందరు చూస్తుండంగ జగ్గు ఎత్తి గటగట తాగింది. గొంతు మీద నీళ్లు కారి రవికె తడిసింది. మూతి తుడుచుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఎవరి దిక్కు చూడకుండ, నెమ్మదిగ, ఉరుకులాట లేకుండ నడిచి పోయింది. పద్దెనిమిదేండ్లల ఆమె పట్నంల నెమ్మదిగ నడుసుడు నేను అదే మొదలు చూసుడు.

ఆ తర్వాత పని లేని రోజు హోటలు ముందటి బల్ల మీద కూసుని ఆ తలుపునే చూసేది. సినిమాకు పోయినట్టు. నన్ను గూడ పక్కన కూసోబెట్టుకునేది. "సూడు మేస్త్రీ, తండ్రి బిడ్డను తోలుకపోతుండు. గా పోలీసాయనకు ఏమైంది, మోకాలు పట్టిందా?" ఒకనాడు పెండ్లి బస్సు ఆగింది. పెండ్లిపిల్ల పట్టుచీర, పూలజడ, బాసింగంతోని దిగింది. చీర పట్టుకునేటందుకు ఇద్దరు వదినెలు, జడ పట్టుకునేటందుకు ఒక పిన్ని. ఆడవాళ్ల దిక్కు గదులల్ల నలుగురు పట్టరు. నలుగురు కలిసి నడిమి గదిలకు పోయిండ్రు. లోపల నుంచి ఒకటే నవ్వులు. అక్క బల్ల చరిచి, "రాసుకోమను ఇంజనీరు సారును! పెండ్లిపిల్లలు ఎందరో గది గూడ రాసుకోమను!" అని అరిచింది.

పోయిన ఎండాకాలం ఆమె పోయింది. కిడ్నీలే. నీళ్లు తాగుడు మొదలు పెట్టేసరికి ఆలస్యమైంది. దవాఖానల మంచం మీద గూడ నన్ను దగ్గరికి పిలిచి చెవుల చెప్పింది: "గీడ పాయిఖాన దర్వాజ లోపటికి తెరుచుకుంటుంది మేస్త్రీ. రాయి." అక్కడనే కూసుని దరఖాస్తు రాసి ఇచ్చిన. ఆమె వేలిముద్ర వేసింది. అదే ఆమె చివరి పని.

ఇగ ఇప్పుడు నన్నడిగిన మాటకు వస్త. గా మనిషి పోయింది గద, ఇగ మూడోది ఎవలకు అని. మొదటి దరఖాస్తుకు జవాబే లేదు. రెండోదానికి పరిశీలనల ఉన్నదన్నరు. మూడోదానికి సంబంధిత విభాగానికి పంపినమన్నరు. సంబంధిత విభాగం అంటే పక్క టేబుల్. నాలుగోసారి నేను సంత రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాక ఆ తాళం ముందట కుర్చీ వేసుకుని కూసున్న. ఆ తలుపు దాక వచ్చి వెనుకకు మళ్లిన ప్రతి ఒక్కరితోని సంతకమో, వేలిముద్రనో తీసుకున్న. కవల బిడ్డలతోని వచ్చిన తండ్రి, కట్టె పట్టుకున్న అవ్వ, చీర కట్టుకున్న ఇద్దరు చిన్న వయసు శివపార్వతులు, ఆపరేషన్ అయిన డ్రైవరు, గాజుల తమ్ముడు. ఆయన సంతకం మూడుసార్లు పెడ్తనన్నడు, చక్రానికి ఒకటి. వద్దన్న.

ఆ కాగితాలు జతపరిచి ఇట్ల రాసిన: 'ఆ గది ఒక మనిషికి ఇచ్చిన బహుమానం కాదు, మనిషి పోతే వాపసు తీసుకునేటందుకు. ఆమె మీకు చూపించింది తన అవసరం ఒక్కటే కాదు, మీ నక్షల ఉన్న తప్పు. తప్పు ఆమెతోని పోలే. తాళం వేసిండ్రు గనుక అడుగుతున్న: ఈ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలెనో ఏ నియమంల రాసి ఉన్నదో నాకు తెలుపగలరు.'

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. పాత ఇంజనీరు సారు బదిలీ అయి పోయిండు. ఇది కొత్తగ వచ్చిన ఇంజనీరమ్మ సంతకంతోని ఉన్నది. ఒక్క అక్షరం మార్చకుండ దింపుతున్న:

"మీ దరఖాస్తు, దానికి జతపరచిన సంతకములు పరిశీలించనైనది. మూడవ గదిలోని సామగ్రి తొలగించబడినది. నీటి సరఫరా పునరుద్ధరించబడినది. క్రింద సంతకము చేసిన అధికారి అట్టి గదిని స్వయముగా వినియోగించి, సక్రమముగా ఉన్నదని నిర్ధారించుకొనినారు. తాళపుచెవి ఎవరి వద్ద ఉండవలెనన్న మీ ప్రశ్నకు జవాబు: నియమములలో తాళము ప్రస్తావన ఎక్కడను లేదు. కావున బయటి గొళ్లెము ఊడదీయించబడినది. ఇకమీదట అట్టి తలుపునకు లోపలి గడియ మాత్రమే ఉండును."